అంటువ్యాధి వేళ కెమెరా ఎటు చూడవలెను?
తెలుగు దినపత్రికల, వార్తా ఛానెళ్ళ సంపాదకులకు బహిరంగ లేఖ

సంపాదక మహాశయులారా,

బెంగళూరు నగరమునకు ఉత్తరమున, హైదరాబాదు పోవు 44వ జాతీయ రహదారి ప్రక్కన, ఒకప్పుడు టిప్పు సుల్తాను జన్మస్థలముగను చకోత పండ్ల తోటలకును పేరొంది, 2008వ సంవత్సరము మే మాసము మొదలుకొని అంతర్జాతీయ విమానాశ్రయమునకు నెలవైన దేవనహళ్ళి నుండి ఈ లేఖ వ్రాయుచున్నాను. మా ప్రాంతమునను, మాకు పొరుగున నున్న చిక్కబళ్ళాపుర, కోలారు జిల్లాలయందును, బడిలో కన్నడము చదివి ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు వేలకొలదిగా ఉన్నవి. ఆ యిండ్లలో రాత్రి భోజనవేళకు మ్రోగునది పెక్కుచోట్ల మీ ఛానెలే. దేశాంతరపు మనుష్యులతోపాటు దేశాంతరపు వ్యాధియు తొలుత దిగునది మా గడపయందేయని ప్రతి మహమ్మారి వేళను మీరే మాకు చెప్పుచుందురు గనుక, ఆ వ్యాధులను గూర్చి మీరెట్లు మాటలాడవలెనో విన్నవించుకొను అధికారము మాకు కొంత కలదని భావించుచున్నాను. భయము ముంచుకొనివచ్చిన పిమ్మట చెప్పిన హితవు ఎవరి చెవికిని ఎక్కదు. కావున ఊరు నెమ్మదిగా నున్నప్పుడే ఈ మాట చెప్పదలచితిని.

అంటువ్యాధి కాలమున వార్తలు మితిమీరుచున్నవని కొందరందురు. నిజము మరుగున పడుచున్నదని మరికొందరందురు. నాకు తోచినంతలో దోషము వార్తల పరిమాణమున లేదు, అవి తిరిగిన దిక్కున ఉన్నది. వ్యాధి సోకినవాని ఇంటివైపు, ముఖమువైపు, ప్రయాణమువైపు మీ కెమెరా తిరుగవలసినదానికంటె అధికముగా తిరుగుచున్నది. ఆ మనుష్యునికి పరీక్షను, మంచమును, మందును, ప్రాణవాయువును సమకూర్పవలసిన యంత్రాంగమువైపు తిరుగవలసినంత తిరుగుట లేదు. ఇల్లు కాలుచుండగా బావిలో నీరెంత యున్నదో చూడవలసినవాడు మంట ఎంత యెత్తున లేచినదో కొలుచుచు నిలిచినట్లు, వ్యాధి భయంకరత్వమును కొలుచుటయందే మీ కాలము గడచిపోవుచున్నది.

దూరపు ఉదాహరణము అక్కరలేదు. 2025 జనవరి 6వ తేదీని ఒకమారు స్మరింపుడు. మా ఊరినుండి నగరమునకు పోవు బళ్ళారి రోడ్డున, హెబ్బాళములోని బాప్టిస్టు ఆసుపత్రిలో న్యుమోనియాకు చికిత్స పొందిన ఇద్దరు పసిబిడ్డలకు, మూడు నెలల ఆడశిశువునకును ఎనిమిది నెలల మగశిశువునకును, హెచ్.ఎం.పి.వి. అను వైరస్ సోకినట్లు భారత వైద్య పరిశోధన మండలి నిత్యము జరుపు పరీక్షలలో తేలెను. అంతలోనే తెరలపై ‘దేశములో తొలి కేసు’ అను అక్షరములు మెఱసెను. నిజమునకు ఆ వైరస్సును నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 2001లోనే గుర్తించిరి. అది మన దేశమునను అంతకుముందునుండియే సంచరించుచున్నది. ఆ బిడ్డలు విదేశములకు పోయివచ్చినవారు కారు. వారిలో ఒకరు అప్పటికే ఇల్లు చేరగా రెండవవారు కోలుకొనుచుండిరి. వీనిలో ముఖ్యమైనవన్నియు ఆ దినము కేంద్ర ఆరోగ్యశాఖ వెలువరించిన ప్రకటనయందే ఉన్నవి. దీనిని తొలి కేసనుట సరికాదని కర్ణాటక ఆరోగ్యమంత్రి దినేశ్ గుండూరావును చెప్పెను. అయినను ఆ సాయంకాలమునకు సెన్సెక్స్ 1258 పాయింట్లు దిగజారెను. ఆ పతనమునకు వేరు కారణములును ఉండవచ్చును గాని, ఈ భయమును వానిలో నొకటియని మార్కెట్ల పోకడ వ్రాయువారే చెప్పిరి. ఆ దినమున అడుగవలసిన ప్రశ్న ఒకటి ఎవరును అడుగకుండనే మిగిలిపోయెను: చలికాలమున పసిబిడ్డకు ఊపిరి అందనప్పుడు తల్లి ఎత్తుకొని పరుగెత్తు తాలూకా ఆసుపత్రిలో శిశువైద్యుడు రాత్రివేళ ఉండునా, ఆక్సిజన్ ఉండునా? వైరస్ పేరు ఏదైనను బిడ్డ ప్రాణమును నిలుపునది ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమే.

‘తొలి’ అను ప్రతిష్ఠ కొరకు జరుగు ఈ పరుగుపందెము కొత్తది కాదు. 2020 మార్చి 2వ తేదీన తెలంగాణమున తొలి కోవిడ్ రోగిని గూర్చిన వార్త వెలువడెను. ఆ రోగియైన యువకుడు బెంగళూరున ఉద్యోగము చేయువాడే; దుబాయి నుండి తిరిగివచ్చి, ఇచ్చటినుండి బస్సులో హైదరాబాదు చేరినవాడు. అతనికి జ్వరము వచ్చుట అపరాధము కాదు. ప్రభుత్వ ఆసుపత్రికి చేరి పరీక్ష చేయించుకొనుట సత్పౌరుని లక్షణము. కాని అతడెక్కిన బస్సు, అతడు తిరిగిన వీధి, అతని ఇంటివారు, ఇవన్నియు కొన్ని దినములపాటు నేరస్థుని వెదకు కథవలె జనుల నోళ్ళలో నలిగెను. అతడు గాంధీ ఆసుపత్రిలో కోలుకొని, ఆ నెల 29వ తేదీన ప్రధానమంత్రి రేడియో ప్రసంగమైన మన్ కీ బాత్‌లో తన అనుభవమును తానే దేశమునకు వినిపించెను. అతడు వ్యాధిగ్రస్తుడైన వార్త ఎంతమందికి చేరెనో, ఆరోగ్యవంతుడైన వార్త అందులో ఎన్నవ వంతుమందికి చేరెనో మీరే యోచింపుడు.

అంతకు కొన్ని వారములు ముందుగా, ఆంధ్రప్రదేశమున ఒక్క కోవిడ్ కేసైనను నమోదు కాని ఆ ఫిబ్రవరి మాసమున, చిత్తూరు జిల్లాలో శ్రీకాళహస్తి ప్రాంతపు గ్రామమొకదానిలో ఒక రైతుకుటుంబపు పెద్ద తన ప్రాణము తానే తీసికొనెను. అతనికి వచ్చినది సామాన్యమైన వైరస్ జ్వరము. వైద్యులు మాస్కు ధరింపుమనిరి. అతడు చేతిలోని ఫోనులో చైనా దృశ్యములు మరల మరల చూచి, తనకు వచ్చినది ఆ వ్యాధియేయని నిశ్చయించుకొని, భార్యాబిడ్డలకు అంటకుండవలెనని వారిని దగ్గరకు రానీయక, కడకు ఎవరికిని అందకుండ పోయెను. ఆ దృశ్యములలో మీరు చూపినవి ఎన్నియో, ఎవరో ఎక్కడినుండియో పంపినవి ఎన్నియో వేరుచేసి చెప్పుట అసాధ్యము. కాని ఫోనున తిరుగు పుకారునకు ప్రామాణ్యము ఇచ్చునది సామాన్యముగా తెరపై కనబడు వార్తయే. ఇంట ఎవరైన దగ్గినయెడల ఏమి చేయవలెను, ఏ నంబరునకు ఫోను చేయవలెను, ఏది భయపడదగిన లక్షణము, ఏది కాదు అను నాలుగు వాక్యములు ఆ భయంకర దృశ్యముల వెంట వెంటనే వినిపించుచుండినచో, ఆ మనుష్యుని మనస్సు నిలువద్రొక్కుకొనుటకు ఒక ఆధారమైనను దొరకియుండును.

భయపడినవాడు వ్యాధిని దాచుకొనును. ఇది అంటువ్యాధుల చరిత్ర అంతటను కనబడు సత్యము. 1898 ఆగస్టులో బెంగళూరునకు ప్లేగు వచ్చినపుడు, రోగిని ఇంటినుండి వేరుచేసి శిబిరమునకు తరలించెదరను భీతిచేత జనులు జ్వరములను దాచిరి, ఊళ్ళు విడిచిపోయిరి. ఆ ఉపద్రవము పిమ్మటనే మల్లేశ్వరము, బసవనగుడి అను విశాలమైన పేటలు పెంపొందెను. ప్లేగమ్మ గుళ్ళును కన్నడదేశమున వెలసెను. నూట యిరువదియేండ్లకు పైబడి గడచినను ఆ పాఠము మనకు పట్టలేదు. 2020 మార్చిలో ఇదే నగరమున హోమ్ క్వారంటైనులో నున్న వేలాదిమంది చిరునామాల జాబితాను అధికారులే బయటపెట్టగా, అది ఫోనునుండి ఫోనునకు పాకి, ఆ యిండ్లవారిని ఇరుగుపొరుగులకు శత్రువులుగా నిలిపెను. అట్టి వేళ ‘ఈ జాబితా ప్రచురించుటకు మీకెవరు అధికారమిచ్చిరి?’ అని పాలకులను నిలదీయవలసిన పని పత్రికలది. కొందరు ఆ పని చేసిరి, వారికి వందనము. కాని జాబితా ఎంత వేగముగా పాకెనో ఆ ప్రశ్న అంత వేగముగా పాకలేదు. పేరు బయటపడునని తెలిసినవాడు పరీక్షకు రాడు. పరీక్షకు రానివాని వలన పదిమందికి అంటును. రోగి గోప్యతను కాపాడుట ఆతనియెడ దయ మాత్రమే కాదు, ఊరికంతకును రక్ష.

వ్యాధి సోకినవానికి మతము అంటగట్టుట ఈ దోషమునకు పరాకాష్ఠ. ఢిల్లీలో మర్కజు అను ముస్లిం మతకేంద్రపు సమావేశమునకు వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను 2020 ఆగస్టు 21వ తేదీన బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనము కొట్టివేయుచు, వారిని బలిపశువులుగా చేసిరనియు, ఆ పనిలో ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమముల ప్రచారమును పాలుపంచుకొనెననియు స్పష్టముగా ఆక్షేపించెను. ఆ తీర్పు మీ సంపాదకవర్గమున ప్రతి యొక్కరును ఒకమారైన చదువదగినది.

భయమును పెంచిన చేతులే ఒక్కొక్కప్పుడు భ్రమనును పెంచును. 2021 మే మాసమున నెల్లూరు జిల్లా కృష్ణపట్టణములో ఆనందయ్య అను నాటువైద్యుడు కోవిడ్‌కని పంచిన మందు కొరకు, దేశమంతట రెండవ తరంగము ఉవ్వెత్తున లేచియున్న సమయమున, వేలాది జనులు ఒకరిపై నొకరు పడునట్లు గుమిగూడిరి. ఆ జనసందోహమును గంటల తరబడి ప్రత్యక్షప్రసారము చేసి, మరునాటి సందోహమునకు ఆహ్వానపత్రిక పంపినవారు మీలో కొందరే. కంటిలో వేసిన చుక్కలతో నిమిషములలో లేచి కూర్చుంటినని చెప్పిన విశ్రాంత ప్రధానోపాధ్యాయుని వీడియో రాష్ట్రమంతట తిరిగెను. ఆయన ఆ నెలాఖరుననే ఆసుపత్రిలో మరణించెను. ఆ కంటిచుక్కలను మినహాయించి తక్కిన మందులకే ప్రభుత్వము అనుమతి ఇచ్చెను. ఆనందయ్య సద్బుద్ధిని శంకించుట నా ఉద్దేశము కాదు. ఏ మందైనను పనిచేసెనని చెప్పుటకు ఎంతమందికి ఇచ్చిరి, ఎంతమంది కోలుకొనిరి, ఇవ్వకున్నను ఎంతమంది కోలుకొనియుందురు అను మూడు లెక్కలు కావలెను. ఆ లెక్కలు లేనిదే అద్భుతమని గాని మోసమని గాని ప్రకటించుట మీ పని కాదు, ఆ లెక్కలు అడుగుట మీ పని. వాని నడుగుటకు బదులు స్టూడియోలో ఇరుపక్షముల వారిని కూర్చుండబెట్టి కలహింపజేసినందువలన వినువానికి మిగిలినది తలనొప్పి యొక్కటియే.

ఇంతవరకు దోషములనే చెప్పితిని. గుణమును చెప్పకున్న అన్యాయమగును. 2021 మే 2, 3 తేదీల మధ్య రాత్రి చామరాజనగర జిల్లా ఆసుపత్రిలో ప్రాణవాయువు అడుగంటి, ఒక్క దినములో 24 మంది రోగులు మరణించిరి. మొదట బాధ్యులు ఆ మరణములలో కొన్నింటికే ఆక్సిజన్ కొరతను కారణముగా ఒప్పుకొనగా, విలేకరులు ఆసుపత్రి గుమ్మము విడువక మృతుల బంధువులను అడిగి, సిలిండర్ల రాకపోకలను అడిగి, ఆ సంగతిని చల్లారనీయలేదు. హైకోర్టు నియమించిన సమితి విచారించి, ఆ మరణములకు ప్రాణవాయువు కొరతయే కారణమని తేల్చెను. అదే నెల 10వ తేదీన తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి కొద్ది నిమిషములు పడిపోగా 11 మంది మరణించిరని ప్రభుత్వమే ప్రకటించెను. ట్యాంకరు ఎందుకు ఆలస్యమయ్యెను, నిల్వ ఎందుకు లేదు అను ప్రశ్నలను తెలుగు పత్రికలు విడువక వెంటాడెను. గుజరాతు పత్రికలవారు శ్మశానములకు పోయి చితులను లెక్కించి, ప్రభుత్వపు లెక్కకును దానికిని గల అంతరమును ప్రచురించిరి. ఈ వార్తలలో ఏ రోగి ముఖమును అవమానింపబడలేదు, ఏ వీధియు వెలివేయబడలేదు. కాని తరువాతి రోగికి ప్రాణవాయువు దొరకు అవకాశము కొంతైనను పెరిగెను. కెమెరా ఎటు తిరుగవలెనో మీకు తెలియనిది కాదు. తెలిసినదానిని ఆపదవేళ మాత్రమే కాక ఆరంభముననే చేయుడని నా విన్నపము.

మీ నోరు కట్టవలెనని కోరువాడను నేను కాను. 1897 నాటి అంటువ్యాధుల చట్టము క్రింద 2020 మార్చిలో పలు రాష్ట్రములు నిబంధనలు చేసి, అధికారి అనుమతి లేనిదే వ్యాధి సమాచారమును ప్రచురింపరాదన్నట్లు ఆంక్షించినవి. ఆ చట్టము పుట్టిన సంవత్సరముననే, పూనా ప్లేగు నిర్బంధములను కేసరి పత్రికలో విమర్శించుచుండిన తిలక్ రాజద్రోహ నేరముపై కారాగారమున కేగెను; ఆయన పాలకులను విమర్శించుటతో ఆగక, ఊరు విడువక నిలిచి, ప్లేగు రోగులకు ఆసుపత్రి నేర్పరచెను. చైనాలో 2003 నాటి సార్స్ వ్యాధి నిజము బయటికి వచ్చినది జియాంగ్ యాన్‌యోంగ్ అను వైద్యుడు పత్రికలవారికి వ్రాసిన లేఖవలననే. వుహానులో కోవిడ్‌ను గూర్చి సహవైద్యులను హెచ్చరించిన లీ వెన్‌లియాంగును పోలీసులు మందలించిరి; ఆయన 2020 ఫిబ్రవరిలో అదే వ్యాధికి బలియయ్యెను. నోరు మూసిన దేశమున వ్యాధి చాటుగా పెరుగును. 2020 మార్చి 31వ తేదీన సుప్రీంకోర్టు వలసకూలీల విషయమున ఇచ్చిన ఉత్తరువులోను ఈ సమతూకము కలదు: మహమ్మారిని గూర్చిన స్వేచ్ఛాచర్చలో తాము జోక్యము చేసికొనమనుచు, పరిణామములను గూర్చి ప్రభుత్వపు అధికారిక వివరణను ప్రచురింపుడని మాధ్యమములను ఆదేశించెను, ప్రభుత్వము దినదినము బులెటిన్ వెలువరింపవలెననెను. 2018లో నిపా వ్యాధి వచ్చినపుడు కేరళ ప్రభుత్వము ప్రతిదినము తానే ముందుకు వచ్చి తెలిసినది చెప్పుటచేత పుకారునకు తావు తగ్గెను. పాలకులు నిర్ణీత సమయమున నిజము చెప్పుదురేని, మీలో ఎవరును చీకటిలో తడుముకొని వదంతిని వార్తగా ఏరుకొనవలసిన అగత్యముండదు.

మరియొక సంగతి. అదే బళ్ళారి రోడ్డున జాతీయ క్షయవ్యాధి సంస్థ 1959 నుండి పనిచేయుచున్నది. మనకు పొరుగుననే మదనపల్లె వద్ద ఆరోగ్యవరము శానిటోరియము శతాబ్దమునకు పైగా నిలిచియున్నది. స్వతంత్ర భారతమున బి.సి.జి. టీకాల ప్రయత్నము 1948లో ఆ మదనపల్లెలోనే మొదలయ్యెను. ఇన్నియు ఉన్నను ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము క్షయ మన దేశమున నేటికిని ఏటేట సుమారు మూడు లక్షల ప్రాణములను గొనుచున్నది. అదియు అంటువ్యాధియే, గాలిలో పాకునదే. కాని దానికి ‘తొలి కేసు’ లేదు, విమానాశ్రయపు దృశ్యము లేదు. అందుచేత మీ తెరపై దానికి తావు లేదు. కొత్తదనమును బట్టి గాక మరణములను బట్టి వార్తలను తూచినచో మీ మొదటిపుట రూపమే మారిపోవును.

ఇక మీకు నేను చేయు విన్నపములు కొన్ని, ఆచరింపదగినవి మాత్రమే. ఏ వ్యాధినైనను ‘తొలి’ అనుటకు ముందు, అది నిజముగా కొత్తదా, పరీక్షించుట కొత్తదా అని ఒక సూక్ష్మజీవశాస్త్రజ్ఞునినైనను అడుగుడు. ఇంతమందికి సోకెనని చెప్పునపుడు ఎంతమందిని పరీక్షించిరో, జిల్లాలో ఎన్ని మంచములు ఖాళీగా నున్నవో అదే వాక్యమున చెప్పుడు. ఊరి పేరు చెప్పవలసివచ్చినచో ఆ ఊరివారికి పనికివచ్చు మాటయు దానితో చెప్పుడు: 2023లో శిడ్లఘట్ట తాలూకా తలకాయలబెట్ట దోమలలో జికా వైరస్ కనబడినదను వార్త మాకందరకును చేరెను, ఆ దోమ ఇంటి తొట్టిలోని మంచినీటిలోనే పుట్టునను సంగతియు, గర్భిణులు ఎవరిని సంప్రదింపవలెనను సంగతియు దానితో సమానముగా వినబడవలసియుండెను. రోగి పేరును, ఇంటిని, కులమతములను తెరపైకి తేవలదు. చర్చకు పిలువవలసివచ్చినప్పుడు జిల్లా సర్వెలెన్స్ అధికారిని, ఊపిరితిత్తుల వైద్యుని, ఆశా కార్యకర్తను పిలువుడు. జ్యోతిష్కునికిని పార్టీ ప్రతినిధికిని వేరు వేదికలు కలవు. కారణము తేలకమునుపే కథ అల్లవలదు: 2020 డిసెంబరున ఏలూరులో వందలమంది మూర్ఛపోయినపుడు తొలిదినముల ఊహలెన్ని వినబడెనో, కడకు నీటను ఆహారమునను పురుగుమందుల అవశేషములవైపు శాస్త్రజ్ఞుల వేలు ఎట్లు తిరిగెనో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తప్పు చెప్పినయెడల చెప్పిన చోటనే, చెప్పిన వేళకే దిద్దుడు. వ్యాధి తగ్గుముఖము పట్టినపుడు ఆ మాటయు అంతే పెద్ద అక్షరములలో వేయుడు.

ఇవన్నియు కావలెనన్న ప్రతి జిల్లాలో ఆరోగ్యవిషయము తెలిసిన విలేకరి యొక్కడైన ఉండవలెను. ఆసుపత్రుల వాకిళ్ళలో నిలిచి వార్తలు పంపినవారిలో పలువురు కోవిడ్‌కు బలియైరి. 2020 జూన్‌లో హైదరాబాదున ఒక యువ టెలివిజన్ విలేకరి మరణించినపుడు ఆ వృత్తి ఎంత ప్రమాదకరమో లోకము కొంత తెలిసికొనెను. మీరు వారికి వ్యాధిశాస్త్రపు శిక్షణయు, రక్షణ సామగ్రియు, బీమాయు, నిలకడయైన జీతమును ఇయ్యక, నిమిషమునకొక సంచలనము మాత్రము కోరుట న్యాయము కాదు. సంచలనము కోరిన యజమానికి సంచలనమే దొరకును, సమాచారము దొరకదు.

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిన దినము మొదలు తెలుగువాడు పత్రికను ఇంటి పెద్దగా నమ్మినాడు. కష్టకాలమున ఇంటి పెద్ద కేకలు వేయడు. ఏ తలుపు తీయవలెనో, ఎవరిని పిలువవలెనో చెప్పును, పని చేయనివానిని గద్దించును. మీరు రోగి గడప విడిచి ఆసుపత్రి గడప పట్టుడు. వైరస్ పుట్టుపూర్వోత్తరములకంటె ముందుగా ప్రాణవాయువు నిల్వను అడుగుడు. మరియొక మహమ్మారి వచ్చువరకు వేచియుండక, మీ జిల్లా ఆసుపత్రి లెక్కను రేపటి సంచికయందే ప్రచురింపుడు. అట్టి వార్తను చదువుటకును, చదివి మా ప్రతినిధులను నిలదీయుటకును మేము సిద్ధముగా నున్నాము.

ఇట్లు,
మీ పాఠకుడు,
దేవనహళ్ళి